భజన బృందానికి ఇంటర్‌ఫేస్ కొనే ముందు మైకులు లెక్కపెట్టు

తమ్ముడూ, నీ ప్రశ్న పూర్తిగా చదివాను. చదివే మిగతావాళ్ళ కోసం దాన్ని రెండు ముక్కల్లో చెబుతాను. నువ్వుండేది ఒడిశాలోని గుణుపురంలో. మీ మావయ్యగారి భజన బృందం పాటలు ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలని ఉంది. మావయ్య ముందు పాడతారు, ముగ్గురు వంత పాడతారు, హార్మోనియం, ఢోలక్, తాళాలు ఉంటాయి. చేతిలో ముప్పై వేలు ఉన్నాయి. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె, అదే ఇంటర్‌ఫేస్, స్కార్లెట్ సోలో కొనాలా, బెరింజర్ యూఎంసీ 22 కొనాలా, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌కి ఎఫ్ఎల్ స్టూడియో క్రాక్ (దొంగ కాపీ) వేసుకుంటే సరిపోతుందా అని అడిగావు. కుదిరితే చుట్టుపక్కల సవర గిరిజనుల ఊళ్ళలో పాటలు కూడా పట్టాలని చివర్లో ఒక వాక్యం రాశావు.

నేనుండేది పర్లాకిమిడిలో. ఇంటి వెనక గదిలో తెలుగు, ఒడియా పాటలు రెండూ రికార్డు చేస్తుంటాను, ఎక్కువగా భక్తి పాటలే. మన ఊళ్ళ కరెంటు, మన ఇళ్ళ గదులు, మనవాళ్ళు పాడే తీరు నాకు అలవాటే కాబట్టి వాటిని బట్టే చెబుతాను.

నువ్వు అడిగిన ఇంటర్‌ఫేస్‌లు రెండూ నీకు పనికిరావు. అవి చెడ్డవని కాదు. రెండిటికీ మైకు పెట్టుకునే ప్రీయాంప్, అంటే మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం, ఒక్కటే ఉంటుంది. రెండో సాకెట్ గిటారుకో, కీబోర్డుకో ఉద్దేశించినది, దానికి నువ్వు మామూలు మైకు తగిలిస్తే దాదాపు ఏమీ వినపడదు. మీ బృందంలో వైరు తగిలించే వాయిద్యం ఒక్కటీ లేదు. హార్మోనియానికి మైకు కావాలి, ఢోలక్‌కి మైకు కావాలి, గొంతులకి ఎలాగూ కావాలి.

ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఒక్కడే గదిలో కూర్చుని పాట కట్టేవాడి కోసం రాసినవి. ముందు మెట్రోనోమ్ క్లిక్ (వేగం తప్పకుండా టిక్కు టిక్కుమనేది) పెట్టుకుంటాడు, దాని మీద గిటారు వాయిస్తాడు, తర్వాత గొంతు, ఆ తర్వాత ఇంకోటి. వాడికి ఒక మైకు, ఒక గిటారు సాకెట్ ఉంటే చాలు. అందుకే ‘మొదటి ఇంటర్‌ఫేస్’ అని ఎక్కడ వెతికినా సోలో లాంటివే వస్తాయి. భజన అలా కట్టేది కాదు. మావయ్య ఒక చరణం ఎత్తుకుంటే వంతవాళ్ళు అందుకోవాలి, వాళ్ళు అందుకునే ఊపుని బట్టి ఆయన తర్వాతి చరణం ఎత్తుకుంటారు. ఢోలక్ వాయించేవాడు ఆయన నోటి వంక చూస్తూ వాయిస్తాడు. నెమ్మదిగా మొదలై చివరికి వేగం రెట్టింపు అవుతుంది. ఆ మనుషుల్ని ఒక్కొక్కరిగా హెడ్‌ఫోన్ పెట్టి, క్లిక్ వినిపిస్తూ పాడించి చూడు, గొంతులన్నీ శుభ్రంగా వస్తాయి కానీ భజన మాత్రం రాదు. యాభై ఏళ్ళు దాటినవాళ్ళకి చెవిలో టిక్కు టిక్కుమంటుంటే ఆ టెన్షన్‌తోనే గొంతు బిగుసుకుపోతుంది.

కాబట్టి నీకు అందరినీ ఒకేసారి పట్టే పద్ధతి కావాలి. ఇంటర్‌ఫేస్‌లో తర్వాత పెంచుకోలేనిది మైకు ప్రీయాంప్‌ల సంఖ్య. మైకు మార్చుకోవచ్చు, గదికి బొంతలు కట్టుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ రేపైనా మార్చుకోవచ్చు. రెండు ప్రీయాంప్‌ల పెట్టెకి మూడోది అతికించలేవు. ప్రీయాంప్ నాణ్యత గురించి జనం గంటలు గంటలు వాదించుకుంటారు గానీ, ఈ ధరల్లో పేరున్న ఏ కంపెనీది తీసుకున్నా దాని రొద కన్నా నీ గదిలో చప్పుడే ఎక్కువగా ఉంటుంది. ఫ్యాను, ఫ్రిజ్, వీధిలో ఆటో, ఇవే ముందు వినిపిస్తాయి.

పెట్టె మీద అంకెల్ని నమ్మొద్దు. స్కార్లెట్ 4ఐ4 అని పేరు చూసి నాలుగు మైకులు పెట్టుకోవచ్చు అనుకుంటారు. అందులో మైకు ప్రీయాంప్‌లు రెండే, మిగతా రెండూ లైన్ ఇన్‌పుట్‌లు, కీబోర్డు లాంటివి తగిలించేవి. మోటు ఎం4 కూడా అంతే. కొనే ముందు వెనకా ముందూ ఫొటోలు పెద్దవి చేసి చూడు. ఎక్స్ఎల్ఆర్ కేబుల్ పట్టే గుండ్రటి సాకెట్‌లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్నిటికి గెయిన్ నాబ్ (మైకు సౌండు ఎంత పెంచాలో తిప్పేది) ఉందో లెక్కపెట్టు.

నీ బడ్జెట్‌కి దగ్గరగా నాలుగు ప్రీయాంప్‌లతో దొరికేది బెరింజర్ యూఎంసీ 404 హెచ్‌డీ. అంతకన్నా ఖరీదు పెడితే ఆడియెంట్ ఈవో 8 ఉంది, దానికీ నాలుగే. ఈ రెండిటికీ మనలాంటి ఊళ్ళలో తేడా తెచ్చేది కరెంటు. 404 హెచ్‌డీకి విడిగా అడాప్టర్ ఉంటుంది, గోడకి తగిలించాలి. ఈవో 8 ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటుంది. పాట మధ్యలో కరెంటు పోతే 404 ఆగిపోతుంది, ఈవో నడుస్తూనే ఉంటుంది. మీ వీధిలో కోతలు ఎక్కువైతే, ఇంట్లో ఇన్వర్టర్ లేకపోతే, ఆ అదనపు ఖర్చు దండగ కాదు. ఇన్వర్టర్ ఉంటే 404 తీసుకుని మిగిలిన డబ్బు మైకు మీద పెట్టు. ధరలు పండగ సేల్‌కీ మామూలు రోజులకీ చాలా మారతాయి, అందుకని అంకెలు రాయడం లేదు. ఇంటర్‌ఫేస్ మీద మాత్రం సగానికి మించి పెట్టకు.

‘మాకు షామియానా సప్లయర్ దగ్గర యూఎస్‌బీ ఉన్న మిక్సర్ దొరుకుతుంది, అది చాలదా’ అని మన వైపు చాలామంది అడుగుతారు. ఆ యూఎస్‌బీ చాలా మిక్సర్లలో పెన్‌డ్రైవ్ పెట్టి పాటలు వాయించడానికే. కంప్యూటర్‌కి తగిలేవి కూడా ఎక్కువగా అన్ని మైకుల్నీ కలిపేసిన స్టీరియో మాత్రమే పంపిస్తాయి. పన్నెండు మైకులు తగిలించినా ల్యాప్‌టాప్‌లోకి వచ్చేవి ఎడమ, కుడి రెండే. ఇంటికెళ్ళాక ఢోలక్ ఎక్కువైందనిపిస్తే తగ్గించే దారి ఉండదు. కానీ ఆ సప్లయర్‌ని వదులుకోకు. మైకులు, స్టాండ్లు, కేబుళ్ళు ఆయన దగ్గర అద్దెకి తెచ్చుకోవచ్చు. నాలుగు మంచి మైకులు ఒకేసారి కొనడానికి నీ ముప్పై వేలు చాలవు. మావయ్య గొంతుకి ఒక్క మంచి మైకు సొంతంగా కొనుక్కో, మిగతావి కొన్నాళ్ళు అద్దెకి తెచ్చుకో.

ఆ ఒక్కటీ ఏది కొనాలంటే, టైల్స్ వేసిన, నున్నటి గోడలున్న మామూలు గదిలో పాడించేటప్పుడు నేను డైనమిక్ మైకే (కరెంటు అక్కర్లేని మొరటు రకం) పెడతాను. షూర్ ఎస్ఎం58 1966 నుంచి అమ్ముతున్నారు, ఇప్పటికీ వేదికల మీద అదే కనిపిస్తుంది. దానికి నకిలీలు విపరీతంగా ఉన్నాయి కాబట్టి అధీకృత డీలర్ దగ్గర జీఎస్టీ బిల్లుతో తీసుకో. సగం ధరకి ఎవరైనా ఇస్తానంటే అది అసలుది కాదనే అనుకో. డైనమిక్ మైకు గది శబ్దం వినదు అంటారు, అది సగమే నిజం. అసలు సంగతి ఏమిటంటే దాన్ని నోటికి దగ్గరగా పెట్టి వాడతాం. మైకుకీ నోటికీ ఉన్న దూరం సగం చేస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సన్నటి చప్పుడు కూడా పట్టే కండెన్సర్ రకం మైకుని కూడా అంతే దగ్గరగా పెడితే గది తగ్గుతుంది. కాకపోతే మీ బృందంలో అది మావయ్య గొంతుతోపాటు తాళాల కంచు మోతని కూడా చాలా వివరంగా పట్టుకుంటుంది, నీకు అక్కర్లేనంత వివరంగా.

ఇప్పుడు కూర్చోబెట్టే పద్ధతి. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ రికార్డింగ్‌లు పాడయ్యేది ఇక్కడే.

తాళాలకి మైకు పెట్టకు. నువ్వు పెట్టకపోయినా అవి నాలుగు మైకుల్లోనూ వినిపిస్తాయి. తాళాలు వేసేవాళ్ళని వెనక్కి, మావయ్య మైకు వెనక భాగం ఎటు చూస్తోందో అటు కూర్చోబెట్టు. ఎస్ఎం58 లాంటి కార్డియాయిడ్ (ముందు వైపే ఎక్కువగా వినే) మైకు వెనక నుంచి వచ్చే చప్పుడిని అన్నిటికన్నా తక్కువ వింటుంది. అంటే మావయ్య తాళాలవాళ్ళకి ఎదురుగా కూర్చుంటారు, ఇద్దరి మధ్యా మైకు ఉంటుంది. ఒకరినొకరు చూసుకోవడానికి కూడా అదే బాగుంటుంది.

రెండో మైకు వంతవాళ్ళకి. ముగ్గురికి మూడు అక్కర్లేదు, ఒకే మైకు చుట్టూ అర్ధచంద్రంలా కూర్చోబెట్టు, గట్టి గొంతు ఉన్నవాణ్ణి కాస్త వెనక్కి జరుపు. మనుషుల్ని జరిపి సర్దుకునేది తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సర్దే దానికన్నా సహజంగా వినిపిస్తుంది. మూడోది హార్మోనియానికి. తిత్తి వైపు పెడితే గాలి చప్పుడు, చెక్క కిర్రు వస్తాయి. రీడ్లున్న వైపు, పైనుంచి ఒక అడుగు ఎత్తులో పెట్టు. నాలుగోది ఢోలక్‌కి. దాని రెండు ముఖాలకీ మధ్యగా, ఒక అడుగున్నర దూరంలో ముందు నుంచి చూసేలా పెడితే రెండు వైపులా వస్తాయి. ఢోలక్ చేతి దెబ్బ మీటర్ మీద కనిపించే దానికన్నా ఎత్తు లేస్తుంది. చివరి చరణంలో వేగం పెరిగినప్పుడు ఎంత గట్టిగా వాయిస్తాడో ముందే వాయించమని అడిగి, అప్పుడు గెయిన్ పెట్టు. అన్ని ట్రాకుల్లో ఎత్తయిన శిఖరాలు మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే చాలు, 24 బిట్‌లో అంతకన్నా గట్టిగా పట్టాల్సిన అవసరం లేదు.

ఒక మైకుకీ ఇంకో మైకుకీ మధ్య దూరం, ఆ మైకుకీ దాని మనిషికీ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. మావయ్య మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే పక్క మైకు మూడు జానల అవతల ఉండాలన్నమాట. ఇలా ఉంచకపోతే ఒకే గొంతు రెండు మైకుల్లో కాస్త ఆలస్యం తేడాతో పడి, కలిపి విన్నప్పుడు డొల్లగా, గొట్టంలోంచి వస్తున్నట్టు ఉంటుంది. తర్వాత ఏ ఈక్వలైజర్ తిప్పినా అది పోదు.

ఇలా అందరూ కలిసి పాడటంలో ఇంకో లాభం ఉంది. ఎవరికీ హెడ్‌ఫోన్లు అక్కర్లేదు, ఒకరినొకరు నేరుగా వింటారు. నీ ఒక్కడికే కావాలి, అది కూడా మూసి ఉండే రకం, చెవుల మీద పూర్తిగా కప్పేది. బ్లూటూత్‌ది వద్దు, ఆలస్యంగా వినిపిస్తుంది. శ్రుతి పెట్టె చప్పుడు నాలుగు మైకుల్లోకీ పాకుతుంది కాబట్టి హార్మోనియం ఉన్నప్పుడు దాన్ని ఆపేయి.

డబ్బు మరీ తక్కువైతే ఇంకో దారి కూడా ఉంది, నాకు అది చాలా ఇష్టం. రెండే మైకులు, రెండే ఇన్‌పుట్‌లు. యూఎంసీ 202 హెచ్‌డీ గానీ, స్కార్లెట్ 2ఐ2 గానీ సరిపోతుంది. ఒకే రకం కండెన్సర్ మైకులు రెండు తీసుకుని, ఒకదాని తలమీద ఒకటి వచ్చేలా, 90 డిగ్రీల కోణంలో పెట్టి బృందానికి ఎదురుగా నిలబెడతావు. మావయ్య దగ్గరగా, వంతవాళ్ళు ఆయన వెనక, ఢోలక్ ఒక పక్క, తాళాలు అన్నిటికన్నా దూరంగా. ఎవరెంత వినపడాలన్నది పూర్తిగా ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దాని మీదే ఆధారపడుతుంది. తర్వాత మార్చడానికి వీలుండదు, అందుకని మొదటి అరగంట మనుషుల్ని అటూ ఇటూ జరపడానికే పోతుంది. దీనికి గది బాగుండాలి. గది మోగుతుంటే గుడి మండపమే నయం.

గది గురించి తక్కువే చెబుతాను. కోడిగుడ్ల అట్టలు గోడకి అంటించకు. అవి పై స్వరాల్ని కాస్త తగ్గిస్తాయి తప్ప గది మోతని ఆపవు, పైగా నిప్పు అంటుకుంటే ప్రమాదం. పాత పరుపులు, దట్టమైన బొంతలు గోడకి ఆనించకుండా జానెడు ఖాళీ వదిలి వేలాడదీస్తే వాటికన్నా ఎన్నో రెట్లు పనిచేస్తాయి. గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టు. టంగుమని తిరిగి వినిపిస్తే ఎదురెదురు గోడల్లో ఒకదాన్ని కప్పు. రేకుల ఇల్లయితే వానాకాలంలో పగలు రికార్డింగ్ పెట్టుకోకు.

కరెంటు సంగతి మాత్రం జాగ్రత్తగా చదువు. రికార్డింగ్‌లో ‘మ్‌మ్’ అని సన్నటి గుంయి వస్తుందని ఫిర్యాదు చేసేవాళ్ళలో చాలామంది ఇంటర్‌ఫేస్‌ని తిడతారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుంయి కూడా 50, 100, 150 దగ్గర ఉంటుంది. తెలుసుకోవడం సులువు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడుపు. గుంయి ఆగిపోతే తప్పు ఇంటర్‌ఫేస్‌ది కాదు, ఎర్తింగ్‌ది. పాత ఇళ్ళల్లో మూడు కన్నాల సాకెట్ ఉంటుంది గానీ మూడో కన్నానికి వెనక తీగే ఉండదు. ల్యాప్‌టాప్ లోహపు అంచు తాకితే చేతికి జివ్వుమంటుందా? అయితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ చూపించు. మూడో పిన్ను విరగ్గొట్టి గుంయి పోగొట్టే చిట్కా ఎవరైనా చెబితే వినకు, చేతిలో లోహపు మైకు పట్టుకుని పాడే మనిషి ప్రాణానికే ముప్పు. ల్యాప్‌టాప్, 404 అడాప్టర్, స్పీకర్లు అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకో. స్పీకర్లకి టీఆర్ఎస్ బ్యాలెన్స్‌డ్ కేబుల్ (బయటి గుంయి దూరకుండా చేసే రకం) వాడు. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే అది నడిచినంతసేపూ బర్రుమనే చప్పుడు దూరుతుంది, ప్యూర్ సైన్ వేవ్ అయితే ఆ గొడవ చాలావరకు ఉండదు.

ఫాంటమ్ పవర్ గురించి భయపడొద్దు. 48 వోల్టుల స్విచ్ కండెన్సర్ మైకుకే కావాలి, కానీ పొరపాటున వేసి ఉన్నా సరైన ఎక్స్ఎల్ఆర్ కేబుల్‌తో ఉన్న ఎస్ఎం58కి ఏమీ కాదు. కేబుల్ పీకేటప్పుడు, పెట్టేటప్పుడు మాత్రం స్విచ్ ఆపి, హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించుకో.

విండోస్‌లో డ్రైవర్ ముఖ్యం. ఇంటర్‌ఫేస్ కంపెనీ వాళ్ళ సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ ఉన్నదే తీసుకో. ఏఎస్ఐఓ అనేది స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన పద్ధతి, సౌండు విండోస్ మిక్సర్ గుండా తిరగకుండా నేరుగా సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. 404 హెచ్‌డీకి, 202 హెచ్‌డీకి బెరింజర్ డ్రైవర్ ఉంది. నువ్వు అడిగిన యూఎంసీ 22కి ఏఎస్ఐఓ4ఆల్ అనే తొడుగు మీద ఆధారపడాలి, అది వద్దనడానికి ఇదింకో కారణం. పాడింది ల్యాప్‌టాప్ గుండా తిరిగి హెడ్‌ఫోన్‌లో వినిపించడానికి పట్టే ఆలస్యం గురించి ఎక్కువ కంగారు పడకు. 48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శాంపిళ్ళ లెక్క) 256 పెడితే ఒక దిశకి 5.3 మిల్లీసెకన్లు. గాలిలో సౌండు ఒక మీటరు వెళ్ళడానికే దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే నీ బృందంలో ఢోలక్ రెండు మీటర్ల దూరంలో కూర్చుంటేనే ఆరు. పైగా మీరు హెడ్‌ఫోన్ లేకుండా పాడతారు కాబట్టి బఫర్ 512కి పెంచేసుకో, ల్యాప్‌టాప్ తడబడకుండా నడుస్తుంది. తర్వాత ఎప్పుడైనా ఒక్కరి గొంతే మళ్ళీ పాడించాలంటే ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ వాడు, గొంతు ల్యాప్‌టాప్ దాకా వెళ్ళకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది, ఆలస్యం అసలు ఉండదు.

శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. వీడియోకి అదే సరిపోతుంది. 96, 192 అని పెట్టె మీద రాసినవి నీకు అక్కర్లేదు. ఈ లెక్కన ఒక్క ట్రాకు నిమిషానికి 8.6 ఎంబీ అవుతుంది, నాలుగు ట్రాకులు గంటకి 2 జీబీ చిల్లర. నీ ల్యాప్‌టాప్‌కి ఇది భారమేమీ కాదు, 8 జీబీ ర్యామ్ చాలు.

ఇక సాఫ్ట్‌వేర్. ఎఫ్ఎల్ స్టూడియో క్రాక్ వద్దు. నీతులు చెప్పడానికి రాయడం లేదు. క్రాక్‌తో పాటు వచ్చే చెత్త ల్యాప్‌టాప్‌ని నెమ్మదింపజేస్తుంది, అది కూడా సరిగ్గా రికార్డింగ్ మధ్యలోనే బయటపడుతుంది. దాని కన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఎఫ్ఎల్ బీట్లు పేర్చుకుని పాట కట్టేవాళ్ళకి బాగుంటుంది. దాని ఫ్రూటీ ఎడిషన్‌లోనైతే మైకు నుంచి ఆడియో ట్రాకులు రికార్డు చేయడమే కుదరదు. నలుగురు కలిసి పాడేదాన్ని నాలుగు ట్రాకుల్లో పట్టి కోసుకోవడం దాని అసలు పని కాదు.

నేను నీకు చెప్పేది రీపర్. విన్‌ఆంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ కంపెనీ కాకోస్‌ది. అరవై రోజులు పూర్తిగా, ఏదీ తాళం వేయకుండా వాడి చూడనిస్తారు. తర్వాత వ్యక్తిగత వాడకానికీ, చిన్న ఆదాయం ఉన్నవాళ్ళకీ 60 డాలర్లు, మన డబ్బులో ఐదు వేలు దాటుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో కూడా తేలిగ్గా నడుస్తుంది. మొదటిరోజు తెరిస్తే బోసిగా, ఏ బొమ్మా లేకుండా ఉంటుంది, దానికి బెదరకు. డబ్బు పెట్టలేనంటే ట్రాక్షన్ వాళ్ళ వేవ్‌ఫార్మ్ ఫ్రీ ఉంది, ట్రాకులకి పరిమితి లేదు. రెండు మైకుల స్టీరియో దారి ఎంచుకుంటే ఆడాసిటీ కూడా చాలు. ఇంటర్‌ఫేస్‌తో పాటు ఉచితంగా వచ్చే ఏబుల్‌టన్ లైవ్ లైట్ లాంటివి చూసి ఇంటర్‌ఫేస్ ఎంచుకోకు.

రీపర్‌లో మీ పాటల కోసం చేయాల్సినవి కొన్నే. మెట్రోనోమ్ ఆపేయి, గ్రిడ్‌కి అతుక్కునే స్నాప్ ఆపేయి. మీ పాట వేగం మారుతుంది, గ్రిడ్ గీతలు నీకు అడ్డమే తప్ప సాయం కాదు. కొత్త పాటకి ప్రాజెక్టు సేవ్ చేసేటప్పుడు విడిగా ఫోల్డర్ చేయమనే గడిలో టిక్ పెట్టు, లేకపోతే ఫైళ్ళన్నీ ఒకే చోట పోగుపడి నెల తర్వాత ఏది ఏ పాటదో తెలియదు. రికార్డు నొక్కే ముందు ట్రాకులకి పేర్లు పెట్టు, ఫైళ్ళకి కూడా అవే పేర్లు వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నాలుగు ట్రాకుల్నీ గ్రూప్ చేసి కోయడం. ఒక చరణం బాగా రాలేదని మావయ్య ట్రాకు ఒక్కటే కోసి వేరే టేక్‌లోది (ఇంకోసారి పాడినప్పటిది) అతికించావనుకో. ఆయన గొంతు ఢోలక్ మైకులోనూ, హార్మోనియం మైకులోనూ సన్నగా ఉంటుంది, అక్కడ పాత చరణమే మిగులుతుంది. దయ్యం వెనక నుంచి పాడుతున్నట్టు వినిపిస్తుంది. అందుకే కోసినా అతికించినా నాలుగూ కలిపే, వేగం దగ్గరగా ఉన్న టేక్ నుంచే తేవాలి. స్వరాన్ని సరిచేసే ఆటోట్యూన్ కూడా ఇదే కారణంగా పనిచేయదు. ఒక ట్రాకులో స్వరం సరిచేస్తే మిగతా మూడింటిలో సరికాని స్వరం ఉండిపోతుంది, రెండూ కలిసి ఇద్దరు మనుషులు పాడినట్టుంటుంది. పైగా గమకాన్ని అది తప్పనుకుని చదును చేసేస్తుంది. పాట మొత్తం మూడుసార్లు పాడించి ఉంచుకో, వాటిలోంచి బాగున్న చరణాలు ఏరుకోవచ్చు. పెద్దవాళ్ళకి మొదటి టేకే బాగా వస్తుంది, మూడోదానికి అలిసిపోతారు. అందుకని ‘ఒకసారి ట్రయల్ చూద్దాం’ అన్నప్పుడే రికార్డు నొక్కేసి ఉంచు.

సవర ఊళ్ళ సంగతి వేరు. అక్కడికి ల్యాప్‌టాప్, 404, నాలుగు స్టాండ్లు మోసుకుని వెళ్ళకు. బ్యాటరీల మీద నడిచే చేతి రికార్డర్ మేలు. జూమ్ హెచ్4 ఎసెన్షియల్‌లో పైన రెండు మైకులు ఉంటాయి, కింద ఎక్స్ఎల్ఆర్ సాకెట్‌లు రెండు ఉంటాయి, రెండు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. 32 బిట్ ఫ్లోట్‌లో పడుతుంది కాబట్టి డప్పు ఒక్కసారిగా మోగినా గెయిన్ తప్పి చిట్లిపోతుందన్న బాధ ఉండదు, ఇంటికొచ్చి వాల్యూమ్ తగ్గించుకుంటే సరిపోతుంది. యూఎస్‌బీకి తగిలిస్తే ఇంటర్‌ఫేస్‌గా కూడా పనిచేస్తుంది. నీ మనసు నిజంగా సవర పాటల మీదే ఉంటే, 404 వదిలేసి ముందు ఇదే కొని, భజనకి పై రెండు మైకుల దారి వాడుకోమంటాను. గాలికి అడ్డంగా మైకు మీద బొచ్చు తొడుగు తప్పనిసరి, కొండ మీద గాలి రికార్డింగ్‌ని మింగేస్తుంది. గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకున్నారు, ఆయన ఆ భాషకి రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన చేతిలో రికార్డర్ లేదు, నీ చేతిలో ఉంటుంది. పాట మొదలయ్యే ముందు పాడేవాళ్ళ పేరు, ఊరు, ఎప్పుడు పాడే పాటో వాళ్ళ నోటితోనే చెప్పించి పట్టు. యూట్యూబ్‌లో పెట్టడానికి ఒప్పుకుంటున్నారో లేదో కూడా అప్పుడే అడుగు. కొన్ని పూజ పాటలు బయటికి వినిపించడం వాళ్ళకి ఇష్టం ఉండకపోవచ్చు.

కొనడం విషయానికొస్తే, విశాఖ వెళ్ళి చేత్తో చూసి కొనుక్కుంటే మంచిదే. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె తెరిచేటప్పుడు ఆపకుండా ఫోన్‌లో వీడియో తీసి ఉంచుకో. వచ్చిన రోజే నాలుగు సాకెట్‌లలోనూ ఒకే మైకు మార్చి మార్చి పెట్టి, 48 వోల్టులు వేసి, ఒక్కోదానిలో నిమిషం రికార్డు చేసి విను. తిప్పి పంపే గడువు దాటాక మూడో సాకెట్ పనిచేయడం లేదని తెలిస్తే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాల్సిందే, అది మన దగ్గర్లో ఉండదు. వానాకాలంలో కండెన్సర్ మైకుని వాడనప్పుడు మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు, తేమ పడితే చిటపటలు మొదలవుతాయి.

నువ్వు ఇంకోటి కూడా అడిగావు, యూట్యూబ్‌లో మన పాట మిగతావాళ్ళకన్నా చిన్నగా ఎందుకు వినిపిస్తుంది అని. యూట్యూబ్ అన్ని పాటల్నీ దాదాపు మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి తెస్తుంది. నువ్వు అంతకన్నా గట్టిగా పంపితే తగ్గిస్తుంది, చిన్నగా పంపితే మాత్రం పెంచదు. రీపర్‌లో రెండర్ చేసేటప్పుడు, అంటే ట్రాకులన్నీ కలిపి చివరి ఫైలు తీసేటప్పుడు, లఫ్స్ చూపిస్తుంది. భజనకి మైనస్ 16 నుంచి 14 మధ్య ఉంచితే చాలు. లిమిటర్ (శిఖరాల్ని అణిచేది) పెట్టి మైనస్ 8కి నొక్కేస్తే ఢోలక్ దెబ్బ మెత్తబడిపోతుంది, యూట్యూబ్ ఎలాగూ దాన్ని కిందికి దించేస్తుంది. శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకు. అప్‌లోడ్ చేసే ముందు ఆ ఫైలుని ఫోన్ స్పీకర్‌లో ఒకసారి విను, మీ బృందం పాటలు వినేవాళ్ళలో ఎక్కువమంది దానిలోనే వింటారు. అక్కడ మావయ్య మాటలు స్పష్టంగా తెలియకపోతే హార్మోనియం ట్రాకుని రెండు డెసిబెల్స్ తగ్గించి మళ్ళీ రెండర్ చెయ్యి.